ఫ్రిజ్ మీద కాగితం, బాత్రూంలో డబ్బా: 45 దాటాక పెద్ద పేగు టెస్టుల్లో ఏది?

మా ఆయనకి 47 నిండిన ఏడాది చెకప్‌లో డాక్టరమ్మ "కొలనాస్కోపీకి రాసేస్తున్నాను" అంటే తల ఊపి వచ్చేశాడు (కొలనాస్కోపీ అంటే కెమెరా ఉన్న సన్న గొట్టంతో పెద్ద పేగు లోపల క్యాన్సర్, దానికి ముందొచ్చే పాలిప్‌లు ఉన్నాయేమో చూడడం). ఆ కాగితం మా ఫ్రిజ్ మీద, పిల్లల స్కూల్ క్యాలెండర్ పక్కన, పదకొండు నెలలు వేలాడింది. అడిగినప్పుడల్లా "ఈ రిలీజ్ అయిపోనీ" అనేవాడు. ఐటీ వాళ్లకి తెలుసు కదా, రిలీజులు ఎప్పటికీ అయిపోవు. నాకు చూసే డాక్టరు వేరు, ఆయన ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగాడు: "దీనికి రెండు మూడు దారులున్నాయి, మీకు ఏది కుదురుతుంది?" ఇంట్లో చేసుకునే మోషన్ టెస్టు చాలన్నాను, మూడు వారాల్లో పని అయిపోయింది. నాకేదో ఒంటి మీద శ్రద్ధ ఎక్కువని కాదు, అడిగారు కాబట్టి ఆలోచించాను.

తర్వాత చదివితే తెలిసింది, ఇది మా ఇంటి కథే కాదని. శాన్‌ఫ్రాన్సిస్కోలో 997 మందిని మూడు గుంపులు చేసి చూశారు, ఫలితాలు 2012లో వచ్చాయి. ఒక గుంపుకి కొలనాస్కోపీ మాత్రమే చేయించుకోమన్నారు, ఏడాదిలో 38 శాతం మంది చేయించుకున్నారు. రెండో గుంపుకి మోషన్ టెస్టు మాత్రమే చెప్పారు, 67 శాతం. మూడో గుంపుని రెంటిలో మీ ఇష్టం అన్నారు, 69 శాతం. ఇక్కడితో ఆగితే మోషన్ టెస్టే గెలిచినట్టుంటుంది, కానీ అదే మనుషుల్ని మూడేళ్లు గమనిస్తే కథ తిరగబడింది: మోషన్ టెస్టు ఏటా చేయాలి కదా, మూడేళ్లూ వదలకుండా చేసినవాళ్లు ఆ గుంపులో 14 శాతమే మిగిలారు. ఎంచుకోమన్న గుంపు మాత్రం 42 శాతంతో నిలబడింది. ఈ రెండు లెక్కలూ గుర్తుపెట్టుకుంటే మిగతా అంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

నేను డాక్టర్ని కాను. న్యూజెర్సీలో ఉంటాను, ఇంట్లో ముగ్గురికి మూడు రకాల నిర్ణయాలు జరిగాయి, ఆ క్రమంలో తెలుసుకున్నది రాస్తున్నాను. అమెరికాలో పెద్ద పేగు క్యాన్సర్‌కి ఈ స్క్రీనింగ్ ఇదివరకు 50 ఏళ్ల వయసు నుంచి ఉండేది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2018లో, యూఎస్ ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ (ఏ టెస్టు ఎవరికి అవసరమో సిఫార్సు చేసే నిపుణుల బృందం) 2021లో దాన్ని 45కి దించాయి, చిన్న వయసులో కేసులు పెరుగుతున్నాయని. చాలామంది మనవాళ్లు ఇంకా 50 అనే అనుకుంటున్నారు.

ముందు, అసలు మీకు ఎంపిక ఉందా?

అందరికీ ఉండదు. అమ్మకో నాన్నకో తోబుట్టువుకో పెద్ద పేగు క్యాన్సర్ వచ్చి ఉంటే మోషన్ టెస్టు, రక్త పరీక్షల గోల మీకు వద్దు, నేరుగా కొలనాస్కోపీయే. మామూలుగా 40 ఏళ్లకి, లేదా ఆ బంధువుకి జబ్బు బయటపడిన వయసుకి పదేళ్లు ముందు, రెంటిలో ఏది ముందైతే అప్పుడు మొదలుపెట్టమంటారు. అంటే నాన్నకి 46లో వస్తే కొడుక్కి 36కే. మన ఇళ్లల్లో చిక్కు ఏంటంటే, "మీ పెదనాన్న కడుపులో పుండు వచ్చి పోయాడు" అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. పెదనాన్న సంగతి కూడా డాక్టరుకి చెప్పాల్సిందే, కానీ ముందు అమ్మానాన్నల గురించి, అన్నదమ్ముల గురించి సరిగ్గా కనుక్కోండి. ఏ పుండు, ఎక్కడ, ఏ వయసులో అని ఒక ఆదివారం ఫోన్ చేసి అడిగితే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగండి.

రెండోది, మోషన్‌లో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఐరన్ తక్కువై రక్తహీనత వచ్చి అది ఎందుకో తేలకపోయినా, విరేచనం తీరు మారి వారాల తరబడి అలాగే ఉన్నా, అప్పుడిక స్క్రీనింగ్ అనే మాటే లేదు. స్క్రీనింగ్ అంటే ఏ ఇబ్బందీ లేనివాళ్లకి చేసేది. రక్తం కనపడితే మనవాళ్ల మొదటి మాట "మొలలే అయ్యుంటాయి, కారం తగ్గించు". మొలలే కావచ్చు కూడా. కానీ మొలలున్న మనిషికి పైన ఇంకేదీ ఉండకూడదని రూలేం లేదు. అలాంటప్పుడు ఇంట్లో చేసుకునే మోషన్ టెస్టు డబ్బా తెప్పించుకుని నెగెటివ్ వచ్చిందని ఊరుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఇది గుంటూరులో ఉన్న మీ బాబాయికీ వర్తిస్తుంది. భారత్‌లో ప్రభుత్వం తరఫున నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకి స్క్రీనింగ్ ఉంది గానీ పెద్ద పేగుకి లేదు, అక్కడ ఈ జబ్బు రేటు కూడా అమెరికా కంటే బాగా తక్కువ, కాబట్టి అక్కడి వాళ్లందరినీ కంగారుపెట్టి కొలనాస్కోపీకి పంపక్కర్లేదు. రక్తం పడితే మాత్రం మొలల మందు కొనుక్కునే ముందు గ్యాస్ట్రో డాక్టరుకి చూపించమనండి.

మోషన్ టెస్టులు: ఫిట్, కొలోగార్డ్

పెద్ద పేగు క్యాన్సర్ చాలావరకు పాలిప్ నుంచి మొదలవుతుంది, అంటే పేగు లోపలి గోడ మీద పుట్టగొడుగులా మొలిచే చిన్న కండ. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. కాబట్టి టెస్టులు చేసే పనులు రెండు: ఉన్న క్యాన్సర్‌ని తొందరగా పట్టుకోవడం, పాలిప్ దశలోనే తీసేసి అసలు రాకుండా చూడడం. మోషన్ టెస్టులు మొదటి పని బాగా చేస్తాయి, రెండోది అంతంతమాత్రం.

ఫిట్ అంటే మోషన్‌లో కంటికి కనపడని రక్తం ఉందేమో చూసే టెస్టు. ఏటా చేయాలి. తిండి మానక్కర్లేదు, ముందురోజు మటన్ తిన్నా ఫర్వాలేదు (పాత రకం కార్డు టెస్టులకి పథ్యం ఉండేది). డబ్బాలో ఒక కాగితం, ఒక చిన్న సీసా, దాని మూతకి గీతలున్న పుల్ల. కాగితాన్ని కమోడ్‌లో నీళ్ల పైన పరిచి, మోషన్ మీద పుల్లతో నాలుగైదు చోట్ల గీకి, సీసాలో గుచ్చి మూత బిగించాలి. రెండు నిమిషాల పని, ఆ రెండు నిమిషాలూ ముఖం చిట్లించుకునే చేస్తాం. నా మొదటి సీసా వెనక్కి వచ్చింది, ఎందుకంటే లేబుల్ మీద తేదీ రాయలేదు. మళ్లీ గీకాల్సి వచ్చింది. వేసవిలో అయితే శనివారం పోస్టు డబ్బాలో వేసి దాన్ని ఎండలో మగ్గబెట్టకండి, వేడికి రక్తంలోని ప్రొటీన్ పాడై ఉన్నది కూడా లేనట్టు చూపించొచ్చు.

కొలోగార్డ్ ఇదే పనిని రక్తంతో పాటు, మోషన్‌లో రాలిపడే కణాల డీఎన్ఏ కూడా చూసి చేస్తుంది. ఇది మూడేళ్లకోసారి. దీనికి పుల్లతో గీకడం ఒక్కటే సరిపోదు, మొత్తం మోషన్‌ని బకెట్ లాంటి డబ్బాలో పట్టి, మందు నీళ్లు పోసి, పెట్టెలో పెట్టి, వెంటనే కొరియర్‌కి ఇవ్వాలి. ఆ పెట్టె మీద కంపెనీ పేరు పెద్దదిగా ఉంటుంది, ఆఫీసు దారిలో డ్రాప్ చేద్దామని కారు వెనక సీట్లో పెడితే ఎక్కిన ప్రతివాళ్లూ అది చదువుతారు.

రెంటినీ ఒకేసారి దాదాపు పది వేలమంది మీద పోల్చి చూసిన 2014 నాటి అధ్యయనం ప్రకారం, క్యాన్సర్ ఉన్న వందమందిలో ఫిట్ 74 మందిని పట్టింది, కొలోగార్డ్ 92 మందిని. ముదిరిన పాలిప్‌లైతే ఫిట్ 24, కొలోగార్డ్ 42. ఇక్కడ అందరూ కొలోగార్డ్ వైపు మొగ్గుతారు. ఆగండి. క్యాన్సర్ గానీ ముదిరిన పాలిప్ గానీ లేని వందమందిలో ఉత్తుత్తి పాజిటివ్‌లు ఫిట్‌లో 5, కొలోగార్డ్‌లో 13. పైగా ఫిట్ ఏటా జరుగుతుంది, ఈ ఏడు తప్పిపోయింది వచ్చే ఏడు దొరకొచ్చు. 2024లో అనుమతి వచ్చిన కొత్త కొలోగార్డ్ ప్లస్‌లో ఈ ఉత్తుత్తి పాజిటివ్‌లు 9కి తగ్గాయి, క్యాన్సర్లని పట్టడం 94 దాకా వచ్చింది, పాలిప్‌లు మాత్రం 43 దగ్గరే ఉన్నాయి. నా లెక్క ఇదీ: ఏటా గుర్తుపెట్టుకుని చేసే ఓపికుంటే ఫిట్, "ఏటా అంటే నావల్ల కాదు" అని మీకే తెలిసుంటే కొలోగార్డ్. మీ గ్యాస్ బిల్లు ఆటోపేలో ఉందా, చేత్తో కడతారా అని చూసుకుంటే మీరెలాంటివాళ్లో తెలిసిపోతుంది.

అసలు సంగతి ఒకటుంది, దీన్ని చాలామంది డాక్టర్లు కూడా తొందరలో చెప్పరు. మోషన్ టెస్టు పాజిటివ్ వస్తే తర్వాతది కొలనాస్కోపీ, వేరే దారి లేదు. ఇంకో ఫిట్ చేసి చూద్దాం, మొలల వల్లేమో అని వాయిదా వేయడం కుదరదు. పాజిటివ్ వచ్చాక కొలనాస్కోపీని పది నెలలకి మించి ఆలస్యం చేసినవాళ్లలో క్యాన్సర్ ఎక్కువగా, ముదిరిన దశలో కనపడిందని కాలిఫోర్నియాలో పెద్ద ఎత్తున చూశారు. కాబట్టి "కొలనాస్కోపీ చస్తే చేయించుకోను, అందుకే డబ్బా" అనే వాళ్లకి డబ్బా కూడా అనవసరం. అందులోంచి వచ్చే జవాబుతో ఏం చేస్తారు మరి?

కొలనాస్కోపీ: ఒక రోజు బాధ, పదేళ్ల నిశ్చింత

అంతా బాగుంటే పదేళ్లకోసారి చాలు. పాలిప్ కనపడితే అక్కడికక్కడే తీసేస్తారు, రెండు పనులూ ఒకే దెబ్బకి. రిస్కు లేదనను: స్క్రీనింగ్ కోసం చేసే పది వేల కొలనాస్కోపీల్లో సుమారు 3 సార్లు పేగుకి చిల్లు, సుమారు 15 సార్లు పెద్ద రక్తస్రావం. తక్కువే, కానీ ఫిట్ సీసాకి అది కూడా లేదు.

టెస్టు కంటే ముందురోజే కష్టం. మత్తిస్తారు కాబట్టి టెస్టు ఏమీ తెలియదు, మా ఆయన లేచి "మొదలుపెట్టరా?" అని అడిగాడట. ముందురోజు మాత్రం పేగు ఖాళీ చేసే, ఉప్పుప్పగా జిగటగా ఉండే మందు సగం సాయంత్రం, మిగతా సగం తెల్లవారుజామున తాగాలి. ఈ రెండు విడతల పద్ధతి వల్ల పేగు బాగా శుభ్రపడుతుంది, "ఒకేసారి తాగేసి పడుకుంటా" అనే తెలివి వాడకండి. రాత్రంతా బాత్రూం పక్కనే కాపురం.

వాళ్లిచ్చే పథ్యం కాగితంలో బేగెల్, టర్కీ శాండ్‌విచ్ అని రాసుంటుంది, మన వంటింటి సంగతి ఏమీ ఉండదు. నేను సర్దిన తీరు: రెండు మూడు రోజుల ముందు నుంచి ఆవాలు, జీలకర్ర, నువ్వులు, గింజలున్న ఏదీ వద్దు, అంటే పోపు బంద్. పప్పు, ఆకుకూరలు, గోంగూర, టమాటా గింజలు కూడా బంద్. తెల్లన్నం, పెరుగు, గుడ్డు, చికెన్ ఉడకబెట్టి ఉప్పూ మిరియాల పొడీ వేసి. పోపు లేని మూడు రోజులకే మా ఆయన జైలు కూడు అని గొణిగాడు. ముందురోజు అంతా తేట ద్రవాలే: కొబ్బరి నీళ్లు, ఆపిల్ జ్యూస్, పాలు లేని టీ. మజ్జిగ కుదరదు, ఎంత పల్చగా చేసినా. వడగట్టిన చారు తేట తాగొచ్చా అని ఫోన్ చేస్తే నర్సుకి ముందు చారంటే ఏంటో చెప్పాల్సి వచ్చింది, ఆవిడ "గ్లాసు వెనక అక్షరాలు చదవగలిగితే సరే, ఎర్రగా ఉంటే వద్దు" అంది. ఎరుపు రంగు లోపల రక్తంలా కనపడుతుందట. మిరియాల చారు, టమాటా లేకుండా, రెండుసార్లు వడగట్టి ఇచ్చాను, బతికిపోయాడు.

షుగర్ ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకండి. తిండి లేని రోజు ఇన్సులిన్, మాత్రలు ఎంత వేసుకోవాలో ముందే అడిగి రాయించుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు మామూలుగా మూడు రోజుల ముందే ఆపమంటారు, ఐరన్ మాత్రలు సుమారు వారం ముందు. రక్తం పల్చబడే మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు, గుండె డాక్టర్నీ గ్యాస్ట్రో డాక్టర్నీ ఇద్దర్నీ అడిగాకే.

ఇంకోటి, మత్తు వల్ల ఆ రోజు కారు నడపనివ్వరు, చాలా సెంటర్లు ఒంటరిగా ఊబర్ ఎక్కనివ్వవు కూడా. తెలిసిన పెద్ద మనిషి వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లాలి. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, చిన్న పిల్లలతో, చుట్టుపక్కల బంధువులు లేని మన ఇళ్లల్లో సగం కొలనాస్కోపీలు ఇక్కడే ఆగిపోతాయని నా అనుమానం. ఒంటరిగా ఉండే స్నేహితురాలికి మేమే వెళ్లాం ఒకసారి. అడగడానికి మొహమాటపడకండి.

ఎవరి దగ్గర చేయించుకుంటున్నారన్నదీ ముఖ్యమే. ఒక డాక్టరు చేసే స్క్రీనింగుల్లో ఎన్ని శాతం మందిలో క్యాన్సర్‌గా మారగల రకం పాలిప్‌లు (అడెనోమాలు) కనిపెడుతున్నాడో లెక్క ఉంటుంది, దాన్ని ఏడీఆర్ అంటారు. ఇప్పుడు కనీసం 35 శాతం ఉండాలని ప్రమాణం. "మీ ఏడీఆర్ ఎంత?" అని అడిగితే మంచి డాక్టర్లు ఏమీ అనుకోరు, వెంటనే చెప్తారు.

మరి రెంటిలో ఏది ప్రాణం కాపాడుతుంది?

స్పెయిన్‌లో 50 నుంచి 69 ఏళ్ల మధ్య వాళ్లు 57 వేలకి పైగా మందిని సగం సగం చేసి, సగానికి ఒక్క కొలనాస్కోపీ, సగానికి రెండేళ్లకోసారి ఫిట్ అని పిలిచి పదేళ్లు చూశారు. 2025లో వచ్చిన ఫలితం: ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు కొలనాస్కోపీ వైపు 0.22 శాతం, ఫిట్ వైపు 0.24 శాతం. ఆచరణలో సమానం. వచ్చి చేయించుకున్నవాళ్లు ఫిట్ వైపు ఎక్కువ, సుమారు 40 శాతం, అటు 32. అంటే పట్టడంలో వెనకబడిన టెస్టు, ఎక్కువమంది చేయించుకోవడంతో ఆ లోటు పూడ్చుకుంది. అందుకే ఎవరైనా "కొలనాస్కోపీ ఒక్కటే అసలైంది, మిగతావన్నీ టైమ్ పాస్" అంటే నేను నమ్మను.

రక్త పరీక్ష గురించి ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. షీల్డ్ అని 2024 జూలైలో అనుమతి వచ్చింది, మూడేళ్లకోసారి. క్యాన్సర్లయితే వందకి 83 పడుతుంది, ముదిరిన పాలిప్‌లు మాత్రం 13 మాత్రమే, ఉత్తుత్తి పాజిటివ్‌లు వందకి 10. రాకుండా ఆపే పని దాదాపు చేయదన్నమాట. మోషన్ ముట్టుకోను, కొలనాస్కోపీకి రాను అని భీష్మించుకుని, పాజిటివ్ వస్తే మాత్రం వస్తానని ఒప్పుకునే మనిషికి ఏమీ లేని దానికంటే నయం. సీటీ కొలనోగ్రఫీ, అంటే స్కాన్‌తో పేగుని చూడడం కూడా ఉంది, అయిదేళ్లకోసారి, కానీ ఆ మందు ఎలాగూ తాగాలి, పాలిప్ కనపడితే కొలనాస్కోపీకి ఎలాగూ వెళ్లాలి. నాకైతే అందులో లాభం కనపడలేదు, మత్తు పడనివాళ్లకి పనికొస్తుందేమో.

డబ్బుల సంగతి: 45 దాటినవాళ్లకి టాస్క్ ఫోర్స్ చెప్పిన టెస్టులు చాలా ఇన్సూరెన్సుల్లో మన జేబులోంచి ఏమీ లేకుండా జరుగుతాయి. మోషన్ టెస్టు పాజిటివ్ వచ్చాక చేసే కొలనాస్కోపీకి ఇదివరకు బిల్లు పడేది, 2022 మే 31 తర్వాత మొదలైన ప్లాన్లలో అదీ స్క్రీనింగ్‌లో భాగమే, మెడికేర్‌లో (65 దాటినవాళ్ల ప్రభుత్వ బీమా) 2023 నుంచి. బిల్లు వస్తే ఈ మాట పట్టుకుని ఫోన్ చేయండి. రక్త పరీక్ష 2021 సిఫార్సులో లేదు కాబట్టి ప్రైవేటు ప్లాన్లు కట్టి తీరాలని లేదు. పేరెంట్స్‌కి కొనే విజిటర్ ఇన్సూరెన్సులో సాధారణంగా స్క్రీనింగులు రావు.

మామయ్య గారి నిర్ణయం

75 దాటాక లెక్క మారుతుంది. 76 నుంచి 85 వరకు అందరికీ చేయమని టాస్క్ ఫోర్స్ చెప్పదు, మనిషి ఆరోగ్యం, ఇదివరకు చేయించుకున్నారా లేదా, ఆయన ఇష్టం చూసి తేల్చుకోమంటుంది. మా మామయ్య గారికి 78, స్టెంట్ ఉంది, రక్తం పల్చబడే మందు వాడతారు, ఎప్పుడూ ఈ టెస్టు చేయించుకోలేదు. డాక్టరు అయిదు నిమిషాలు వివరంగా చెప్పాడు. మా ఆయన తర్జుమా: "ఏం లేదు నాన్నా, కడుపుకి ఒక టెస్టు అంట, చేయించేద్దాం." క్యాన్సర్ అన్న మాట నోట రాలేదు. ప్రేమతోనే, నేనూ అదే చేసేదాన్నేమో.

డాక్టరుకి తెలుగు రాదు గానీ అయిదు నిమిషాలు ఒక్క వాక్యమైతే తెలియకుండా ఉంటుందా, స్పీకర్ ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టించాడు (అడిగితే ఉచితంగానే ఇస్తారు, చాలామందికి తెలియదు). అవతలి ఆవిడ "నమస్కారమండీ, డాక్టరు గారు చెప్పింది చెప్పినట్టు చెప్తాను" అని మొదలుపెట్టి క్యాన్సర్ అనే అంది. మామయ్య గారు ఉలిక్కిపడలేదు. "సరే గానీ తల్లీ, ఒకవేళ ఉందనుకో, ఈ గుండెతో నేను ఆపరేషన్ తట్టుకుంటానా? ఇప్పుడు చిన్న పాలిప్ ఏదో ఉన్నా అది నన్ను బాధపెట్టడానికి ఎన్నేళ్లు పడుతుంది?" అని అడిగారు. డాక్టరు రెంటికీ దాపరికం లేకుండా చెప్పాడు. ఆయన కాసేపు ఆలోచించి, కొలనాస్కోపీ వద్దు, కాబట్టి ఆ డబ్బా కూడా వద్దు, రక్తం కనపడితే మాత్రం ఆ రోజే చెప్తాను అన్నారు. అదే వయసులో గట్టిగా తిరుగుతూ, ఎప్పుడూ టెస్టు చేయించుకోని ఇంకో పెద్దాయన అయితే చేయించుకుందాం అనొచ్చు, అదీ సరైన నిర్ణయమే అన్నాడు డాక్టరు.

మా ఆయన చివరికి కొలనాస్కోపీయే చేయించుకున్నాడు, ఈసారి తనే ఎంచుకుని. ఏటా గుర్తుండదు, ఒక్క రోజు లీవు పెట్టేస్తా అన్నాడు. చిన్న పాలిప్‌లు రెండు, సెంటీమీటరు లోపువి, తీసేశారు, మళ్లీ ఏడేళ్ల తర్వాత రమ్మన్నారు. ఫ్రిజ్ మీద పాత కాగితం తీసి ఆ కొత్త కాగితం పెట్టాడు. నా ఈ ఏటి ఫిట్ డబ్బా మొన్న సోమవారం వచ్చింది, లేబుల్ మీద తేదీ రాయడానికి పెన్ను కూడా దాని పక్కనే పెట్టుకున్నాను.